అత్తగారి అడుగులు

మా ఎడారిని గీయడానికి పట్నాల నుంచి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కారు దిగడం ఆలస్యం, మూడుకాళ్ల చెక్క నిలబెట్టి, దాని మీద గుడ్డ బిగించి, మొట్టమొదట ఆకాశం మొదలుపెడతారు. సగం గుడ్డ ఆకాశానికే సరిపోతుంది. మిగిలిన సగంలో ఒక ఎర్ర దిబ్బ, దాని మీద పొడుగుకొమ్ముల జింక ఒకటి పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు పక్కకు తిరిగి ఉంటుంది. దాని వెనక అడుగుజాడ ఒక్కటి కనబడదు. ఎటు నుంచి వచ్చిందయ్యా ఇది, ఎగిరొచ్చిందా అని అడిగితే నవ్వుతారు. నేను నవ్వను.

నా పేరు ఎల్ఫ్రీదా. డమారా తెగ మనిషిని. అరవై రెండేళ్లు వచ్చాయి, మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. నా బొమ్మల్లో ఆకాశం ఉండదు. పైన తినడానికేముంది, తాగడానికేముంది? పలకచెక్క తీసుకుని ముందు నేల వేస్తాను, పై నుంచి చూసినట్టు. తర్వాత ఎండువాగులు, వాటి పక్కన దారులు, దారుల మీద అడుగులు. ఆ అడుగులు ఎక్కడ ఆగితే అక్కడ జంతువు. ఎర్రరంగు మా కొండ రాయి నూరి చేసుకుంటాను, మిగతావి పట్నంలో కొన్న రంగు గొట్టాలు.

ఈ వరస మా నాన్న నేర్పింది. ఆయన జాడ తీసే మనిషి. బొమ్మలు తెలియవు గానీ ఏ జంతువు ఎక్కడుందో, ఏ ఊటలో నీళ్లున్నాయో ఇసుకలో పుల్లతో గీసి చూపేవాడు. నేను ఒక్క అడుగు తప్పు గీస్తే అదే పుల్లతో వేళ్ల మీద కొట్టేవాడు. "అది కాలు పెట్టని చోట నువ్వు పెట్టించకు. నీ గీత నమ్మి పోయినవాడు దాహంతో చస్తాడు" అనేవాడు. అందుకే నేను ముందు నడుస్తాను. మూడు రోజులో, పది రోజులో. ఆ తర్వాత ఒక రాయి చూసుకుని కూర్చుంటాను. కుంచె పట్టేది ఆఖరున. నడవకుండా ఒక్క బొమ్మ వెయ్యలేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి సంగతే ఇది.

మా కొండల్లో ఒక ఆడ ఖడ్గమృగం ఉండేది. దాన్ని మావాళ్లు అత్తగారు అనేవాళ్లు, ఎందుకంటే ఎవరు కనబడినా మీద పడిపోయేది, మంచీ చెడ్డా చూసేది కాదు. మా చెల్లెలి కొడుకు ఎరాస్టస్ జాడ మనుషులకు పెద్ద. సంరక్షణ సంఘం తరఫున ఖడ్గమృగాలను వెతికి, చూసి, రాసుకోవడం వాళ్ల పని. ఒక్కో ఖడ్గమృగం మడమ కింద పగుళ్లు ఒక్కో రకంగా ఉంటాయి. అత్తగారి కుడి ముందరి కాలి కింద పగులు కొమ్మ చీలినట్టు రెండుగా చీలి ఉండేది. అది నాకు నా అరచేతి గీతకన్నా బాగా తెలుసు.

దానికి ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లతో నాకు చనువు ఎక్కువైపోయింది, ఒప్పుకుంటాను. చేదు ఊట దగ్గర ఒక రాయి ఉంది, దాని మీద కూర్చుంటే తల్లికి కనబడను. కానీ గాలి తిరిగినప్పుడల్లా నా వాసన వాళ్ల దాకా పోయేది. తల్లి బుసకొట్టేది. పిల్ల మాత్రం చెవులు ముందుకు పెట్టి నా వైపు నాలుగడుగులు వేసేది. మూడేళ్లలో అది నా వాసనకు పూర్తిగా అలవాటు పడింది.

"పెద్దమ్మా, అంత దగ్గరికి పోకు" అని ఎరాస్టస్ ఎన్నిసార్లు చెప్పాడో. "మేం కూడా అంత దగ్గరికి పోం. దానికి మనిషంటే భయం పోతే ఎట్లా?"

"నేను మనిషినా? ముసలిదాన్ని. బొమ్మకి దాని కన్ను కావాలి."

"నీ బొమ్మకి కన్ను కావాలి. దానికి ప్రాణం కావాలి."

ఈ మాటకి నేను వారం రోజులు వాడితో మాట్లాడలేదు. నా తీరు అది.

చలికాలం మొదట్లో తెల్ల పికప్పులో ఒకడు వచ్చాడు. పేరు పీటర్ అన్నాడు, అసలు పేరో కాదో ఆ దేవుడికే తెలియాలి. బూట్లకు దుమ్ములేదు. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కూర్చుని నా బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూశాడు. మిగతావాళ్లలా రంగులు బాగున్నాయి అనలేదు.

"ఇది ఏ వాగమ్మా? ఈ మూడు గుట్టలూ నిజంగా ఇట్లాగే ఉంటాయా?" అని అడిగాడు.

"నా బొమ్మలో అబద్ధం ఉండదు బాబూ. ఆ గుట్ట ఎక్కి చూడు, నాలుగో రాయి కూడా నేను వేసిన చోటే ఉంటుంది."

"నమ్ముతాను. ఇట్లా వేసేవాళ్లని నేను చూడలేదు. ఖడ్గమృగం ఒకటి వేసిపెట్టండి. దాని నీళ్లు, దాని దారి, పడుకునే చోటు, అన్నీ. పెద్దది."

నన్ను మునగచెట్టు ఎక్కించాడు, నేను ఎక్కి కూర్చున్నాను. నలభై ఏళ్లుగా నా దారులను ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లంతా ఆకాశం ఏదీ అని అడిగినవాళ్లే. వీడు నేలను అడిగాడు. అందుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గు.

ఇరవై రోజులు పట్టింది. చేదు ఊట వేశాను. దారి మొదట్లో ఉన్న రాళ్లకుప్ప వేశాను. ఆ కుప్ప మా తాతల నాటిది. అటు పోయే ప్రతివాడూ ఒక రాయి వేసి, తన పేరు చెప్పుకుని పోవాలి. అక్కడి నుంచి అత్తగారి దారి, పక్కన పిల్ల దారి, మధ్యాహ్నం వాళ్లు పడుకునే పాలపొద, అన్నీ వేశాను. పాలపొద పాలు తగిలితే మనకు కళ్లు పోతాయి, కడుపులోకి పోతే ప్రాణమే పోతుంది, అవి మాత్రం చెరుకులా నమిలేస్తాయి. కొరికిన కొమ్మలు ఏటవాలుగా తెగి ఉంటాయి, అవి కూడా వేశాను. కుడి ముందరి కాలి పగులు దగ్గర చాలా సేపు కూర్చున్నాను. నా జన్మలో అంత మంచి బొమ్మ వెయ్యలేదు.

అతను తీసుకుపోయిన ఇరవై నాలుగో రోజున ఎరాస్టస్ వచ్చాడు. పలకరింపు లేదు. టోపీ తియ్యలేదు. నేను ఆరుబయట పొయ్యి మీద జొన్నపిండి కలుపుతున్నాను. వాడు ఒక ప్లాస్టిక్ సంచి నా కుండ పక్కన విసిరేశాడు. అందులో మడతపెట్టిన కాగితం ఉంది. విప్పితే నా బొమ్మ. ఫొటో తీసి అచ్చువేసింది. పాలపొద మీద పెన్నుతో ఇంటూ గుర్తు ఉంది.

"ఏంట్రా ఇది?"

"అత్తగారు పడిపోయిన చోట దొరికింది. ఐదు రోజులైంది చచ్చి. కొమ్ములు గొడ్డలితో మొదలంటా కొట్టేశారు. సగం ముఖం లేదు."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

"మేం జాడ తీస్తే రెండు రోజులు పడుతుంది పెద్దమ్మా దాన్ని పట్టుకోడానికి. వాళ్లకి రెండు గంటలు పట్టింది. తిన్నగా పోయారు. టైరు ఆ రాళ్లకుప్ప దగ్గర ఆగింది, అక్కణ్ణించి నడిచారు. ఒక్క అడుగు పక్కకి పడలేదు. అంత బాగా గీశావు."

"నాకేం తెలుసురా వాడు..."

"నీకు తెలీదు. నీకెప్పుడూ ఏమీ తెలీదు. దగ్గరికి పోవద్దంటే తెలీదు, చెప్పొద్దంటే తెలీదు. నీకు నీ బొమ్మ తెలుసు."

"నోరు మూసుకో. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని."

"అందుకే ఇంటికొచ్చి చెప్తున్నా. వేరేవాళ్లయితే ఇంటికి నిప్పు పెట్టేవాణ్ని."

కుండలో పిండి మాడింది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

"పిల్ల?" అని అడిగాను.

"బతికే ఉంది. తల్లి చుట్టూ తిరిగి తిరిగి నేలంతా తొక్కేసింది. మేం పోతే పారిపోలేదు. నిలబడి చూసింది. మనిషి వాసనకి నిలబడి చూసింది పెద్దమ్మా. దాని కొమ్ము జానెడు ఉంది. వాళ్లు మళ్లీ వస్తారు."

వాడు వెళ్లిపోయాక పోలీసులు వచ్చారు, నేను చెప్పింది రాసుకున్నారు. ఆ పికప్పు నంబరు ఎక్కడా లేదట. సంఘం వాళ్లు సమావేశం పెట్టి, ఈ చావు సంగతి బయటికి పొక్కకూడదన్నారు. దొంగలకు మనం చూడలేదనే అనిపించాలట. అక్కడ నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎవరో వెనక నుంచి, "ఇంకో బొమ్మ వెయ్యమనండి, మా మేకల్ని కూడా చూపిస్తుంది" అన్నారు. నవ్వులు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే ఒకరి పళ్లు రాలేవి.

నాకు అప్పుడు ఒక్కటే కోరిక. ఆ పిల్ల బతకాలి. తల్లిని నా చేత్తో పట్టిచ్చాను, పిల్లను పట్టివ్వకూడదు.

రెండు నెలలకు అతను మళ్లీ వచ్చాడు. ఈసారి బూడిదరంగు కారు, అదే నవ్వు. అయినా లోపలికి రమ్మన్నాను. నల్ల టీ పెట్టి మూడు చెంచాల చక్కెర వేశాను. పాలపొద నాలుగు అంగల దూరంలోనే ఉంది. నాలుగు చుక్కలు చాలు. ఆ మాట నా మనసులో మెదిలింది, అబద్ధమెందుకు.

"ఆ బొమ్మ మా ఇంటి గోడ మీద ఉందమ్మా. వచ్చినవాళ్లంతా దాని ముందే నిలబడతారు" అన్నాడు.

"నిలబడరా మరి."

"పిల్ల ఒకటుందిగా అందులో. దానికి కూడా విడిగా ఒకటి కావాలి. ఇప్పుడు ఎక్కడ తిరుగుతోందో అట్లాగే."

"నాలుగు రోజులు ఆగి రా. వేసి ఉంచుతాను."

అతను పోగానే సంఘం ఆఫీసుకి నడిచి రేడియోలో ఎరాస్టస్‌ని పిలిపించాను. వాడు దక్షిణం వైపు గస్తీలో ఉన్నాడు. రేడియోలో వాడి గొంతు గరగరలాడింది. "వాడు వచ్చాడు. గాడిదలు చచ్చిన లోయ వేసి ఇస్తాను. పోలీసులను అక్కడ పెట్టండి" అన్నాను. "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటే.

ఆ లోయ ఎందుకంటే, అందులో ఇరవై ఏళ్లుగా నీటి చుక్క లేదు. ఒకటే దారి, రెండు వైపులా నిలువు రాయి. వెళ్లినవాడు వచ్చిన దారినే రావాలి. అక్కడ బల్లి కూడా ఉండదని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

రెండు రోజుల్లో వేసేశాను. నడవలేదు. నడిచే టైము లేదు, నడవాల్సిన పనేముంది అనుకున్నాను. అబద్ధానికి అడుగులెందుకు? లేని ఊట వేశాను. లేని పాలపొదలు వేశాను. పిల్ల అడుగులు కూడా వేశాను. అది కాలు పెట్టని చోట కాలు పెట్టించాను. వేళ్ల మీద నాన్న పుల్ల దెబ్బ పడుతుందేమోనని నిజంగానే ఆగి చూసుకున్నాను.

నాలుగో రోజు పొద్దున అతను వచ్చి, చూసి, తల ఊపి, పట్టుకుపోయాడు. వీడి చావు నా చేతిలో ఉంది అనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను.

మధ్యాహ్నం ఎరాస్టస్ వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"బొమ్మ ఇచ్చేశావా?"

"పొద్దున్నే. పోలీసులు ఎప్పుడొస్తారు?"

"రేపు తెల్లారేసరికి. పెద్దమ్మా, నువ్వా లోయకి పోయి చూశావా?"

"దేనికి? అక్కడేముంది?"

వాడు నా ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. "రెండు నెలల కింద ఆ ఒక్క లోయలో ఒక వాన పడింది. రాతిగుంటలో ఇంకా నీళ్లున్నాయి. పాలపొదలు మోకాలెత్తు చిగురేశాయి. పిల్ల, తల్లి చచ్చిన చోటు వదిలేసి అక్కడికి పోయింది. పదమూడు రోజులుగా అక్కడే ఉంది. నేను దక్షిణం నుంచి దాని జాడ పట్టుకుని వస్తే ఇవాళే తెలిసింది."

నలభై ఏళ్లు నడిచి నిజం గీశాను. ఒక్కసారి నడవకుండా అబద్ధం గీస్తే అది నిజమై కూర్చుంది. నడిచుంటే తెలిసేది. ఒక్క రోజు నడిచుంటే.

"డాక్టరు?" అన్నాను.

"మత్తు సూది వేసి దాన్ని తరలించే డాక్టరు పట్నంలో ఉన్నాడు. రావడానికి మూడు రోజులు. ఆ దొంగలు రేపో ఎల్లుండో వస్తారు. రెండు తుపాకుల మధ్యలో ఉంటుంది అది."

"అయితే ఇవాళే దాన్ని వెళ్లగొట్టాలి."

"అది పోదు పెద్దమ్మా. మనిషి వాసనకి పోదు. ఎదురొస్తుంది. నువ్వే నేర్పావు."

నేను లేచి బూట్లు వేసుకున్నాను. "నేర్పినదాన్నే మరిపిస్తాను. గాడిదల్ని బండికి కట్టు."

దారిలో మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు. రాళ్లకుప్ప దగ్గర బండి ఆపించాను. దిగి ఒక రాయి వేసి నా పేరు చెప్పుకున్నాను. ఏం చెయ్యడానికి పోతున్నానో కూడా చెప్పుకున్నాను. ఎరాస్టస్ కూడా దిగి రాయి వేశాడు. అప్పటికి వాడి ముఖం చూడగలిగాను.

జీవితమంతా గాలికి ఎదురుగా నడిచినదాన్ని. జంతువు దగ్గరికి అట్లాగే పోవాలి. ఆ రోజు గాలిని వీపు మీద పెట్టుకుని లోయలోకి నడిచాను. నా వాసన నాకన్నా ముందు పోవాలి. ఒడి నిండా రాళ్లు పోసుకున్నాను. ఎరాస్టస్ వెనకాల ఖాళీ డబ్బా పట్టుకుని వస్తున్నాడు.

పిల్ల రాతిగుంట పక్కన నిలబడి చిగుళ్లు నములుతోంది. తల ఎత్తింది. చెవులు ముందుకు పెట్టింది. వాసన పట్టింది. తర్వాత నా వైపు నాలుగడుగులు వేసింది, ఎప్పటిలాగే. మూతికి పొద పాలు అంటుకుని ఉన్నాయి.

మొదటి రాయి వేశాను. దాని ముందు పడింది. అది ఆ రాయిని వాసన చూసింది.

"పో" అని అరిచాను. "పోవే, దిక్కుమాలినదానా. మీ అమ్మని చంపింది నేనే. ఏం చూస్తావు? పో."

రెండో రాయి భుజానికి తగిలింది. ఆగింది. మూడోది మూతికి తగిలింది, నెత్తురు కనబడింది. చెవులు ఒక్కసారి వెనక్కి పోయాయి. నాకు ఏడుపు ఆగడం లేదు, రాళ్లు కూడా ఆపలేదు. నాకు తెలిసిన ప్రతి తిట్టూ తిట్టాను. నేను దాని కన్ను గీయడానికి మూడేళ్లు కూర్చున్నాను. ఇప్పుడు ఆ కన్ను చూసి గురి పెట్టాను, దేవుడి దయవల్ల తప్పింది. ఎరాస్టస్ డబ్బా బాదుతున్నాడు, లోయ అంతా మోగుతోంది.

అది మొదట రెండడుగులు వెనక్కి వేసింది. నేను ముందుకు పోయాను. అప్పుడు బుసకొట్టింది. అచ్చం తల్లి బుస. తల దించింది.

"పెద్దమ్మా, రాయెక్కు" అని ఎరాస్టస్ అరిచాడు.

ఎక్కేలోపే వచ్చేసింది. కొమ్ము తగల్లేదు. భుజం తగిలింది. రాతి మీద పడ్డాను, కుడి చెయ్యి కింద పడి మణికట్టు దగ్గర పుల్ల విరిగినట్టు చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి అది లోయ దారిలో దుమ్ము లేపుకుంటూ పోతోంది. ఎరాస్టస్ జాడ పట్టుకుని పోయి చీకటి పడకముందే తిరిగొచ్చాడు. వాగు దాటి, రెండు గుట్టలు దాటి, ఆగకుండా ఉత్తరానికి పోయిందట. నా విరిగిన చేతికి తన చొక్కా చింపి కట్టాడు. "మూర్ఖపుదానివి" అన్నాడు.

మూడో రోజున లోయలో ముగ్గురిని పట్టుకున్నారు. పీటరనేవాడూ వాళ్లలో ఉన్నాడు. లేని ఊట కోసం నా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే పట్టుకున్నారట. రాతిగుంట పక్కనే ఉంది గానీ, నేను వేసిన ఊట లేదు. నేను అబద్ధం ఆడానని వాడికి అప్పుడు తెలిసుంటుంది. ఆ ముఖం నేను చూడలేకపోయాను, అదొక్కటే నాకు లోటు.

మణికట్టు వంకరగా అతుక్కుంది. కుంచె పట్టుకుంటే గీత నా మాట వినదు. ఇప్పుడు ఎడమ చేత్తో వేస్తున్నాను, పిల్లలు వేసినట్టు ఉంటుంది. ఇప్పటికీ ముందు నడుస్తాను, నడవకుండా కుంచె ముట్టను. నడిచి, అంతా చూసి, ఇంటికొచ్చి గుట్టలను అటువి ఇటు వేస్తాను. ఊటను మింగేస్తాను. నాన్న ఉంటే వేళ్లు విరగ్గొట్టేవాడు. చెయ్యి ఎలాగూ విరిగింది.

మొన్న ఎరాస్టస్ వచ్చాడు. టోపీ తీసి, అరుగు మీద కూర్చుని, పుల్లటి పాలు రెండు గిన్నెలు తాగాడు. జేబులోంచి ఒక పాలపొద కొమ్మ తీసి నా ముందు పెట్టాడు. చివర ఏటవాలుగా తెగి ఉంది. కోత చిన్నది, పిల్లది.

"చూశావా దాన్ని?"

"చూడనిస్తేగా. మూడు వందల అడుగుల దూరంలో వాసన తగిలిందో లేదో, మీద పడిపోయింది. మా కుర్రాడొకడు ముళ్లచెట్టెక్కి సాయంత్రం దాకా దిగలేదు. కొత్త అత్తగారని పేరు పెట్టేశాం."

నేను ఆ కొమ్మ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పాలు ఎండిపోయి ఉన్నాయి.

"నేను వస్తే?" అని అడిగాను. "నా వాసన పట్టినా అంతేనంటావా?"

వాడు నా వంకర చేతి వైపు చూశాడు. ఈసారి వాడి గొంతులో కోపం లేదు.

"నీ వాసనకైతే చంపేస్తుంది పెద్దమ్మా."

నాకు కావలసింది అదే. అయినా ఏడ్చాను.